కళ్ళు మూసుకుని రాసిన పరీక్ష

మా అక్క అమెరికాలోని బఫెలోలో ఉండేది. నేను కెనడాలోని మిస్సిసాగాలో. మధ్యలో గంటన్నర రోడ్డు, ఒక నది, రెండు దేశాలు. శుక్రవారం సాయంత్రం 401 హైవే మీద పడి కిచెనర్‌లో ఉన్న మా ఆయన స్నేహితుడి ఇంటికి వెళ్ళాలంటే అంతకన్నా ఎక్కువ సేపే పట్టేది. అయినా ఆ స్నేహితుడి మొహం నెలకోసారి చూసేదాన్ని. అక్క మొహం మాత్రం నాలుగేళ్ళుగా ఫోన్లోనే చూస్తున్నాను.

కారణం కాగితాలే, ఇంకేం లేదు. అక్కావాళ్ళ గ్రీన్ కార్డు నడుస్తోంది, దేశం దాటి కాలు బయట పెట్టొద్దని వాళ్ళ లాయరు గట్టిగా చెప్పాడు. నాదేమో ఇండియన్ పాస్‌పోర్టు. అమెరికా వీసాకి అప్లై చేస్తే ఇంటర్వ్యూ రెండేళ్ళ తర్వాత అన్నారు. అదే కెనడా సిటిజన్‌షిప్ వస్తే వీసా గీసా లేకుండా బ్రిడ్జి దాటేయొచ్చు. నాకు ఈ దేశపు సిటిజన్‌షిప్ కావాల్సి వచ్చింది అందుకు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆరోగ్యం, చదువులు, విలువలు అని మర్యాదైన జవాబొకటి దగ్గర పెట్టుకున్నాను కానీ, అసలు సంగతి ఇదీ.

ఒక వేసవిలో అక్కకో ఆలోచన వచ్చింది. నయాగరా జలపాతం కిందకి అటువైపు నుంచి ఒక పడవ, ఇటువైపు నుంచి ఒక పడవ వెళతాయి. రెండూ దగ్గర దగ్గరగానే తిరుగుతాయి. ఒకే టైముకి ఎక్కితే ఒకళ్ళనొకళ్ళం చూసుకోవచ్చు కదా అంది. ఎక్కాం. వాళ్ళ పడవలో అందరికీ నీలం ప్లాస్టిక్ కోట్లు, మా పడవలో అందరికీ ఎర్రవి. ఆ తుంపరలో ఎవరి మొహమూ ఆనడం లేదు. అక్క ఎత్తూ అక్క ఒళ్ళూ ఉన్న ఒక నీలం కోటుని వెతికి పట్టుకుని, రెండు చేతులూ ఎత్తి ఊపాను. ఆవిడా ఊపింది, ఎంతో ప్రేమగా. నాకు ఏడుపొచ్చేసింది. ఒడ్డుకొచ్చి ఫోన్ చేశాను.

“నేను పైకే రాలేదే,” అంది అక్క. “తల తిరిగి కిందే కూర్చుండిపోయా. నువ్వెవర్ని చూసి ఊపావు?”

ఆ నీలం కోటు ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు.

అది జరిగిన కొద్ది రోజులకే బావగారికి టెక్సస్ ట్రాన్స్‌ఫర్ అయింది. వచ్చే జూన్‌లో పిల్లల స్కూళ్ళు అయిపోగానే సామాను సర్దుకుని వెళ్ళిపోతారు. గంటన్నర దూరం కాస్తా విమానం దూరమవుతుంది. ఇంత దగ్గరగా ఉండి ఒక్కపూట కూడా అక్క వంటింట్లో కూర్చోకుండానే వాళ్ళు వెళ్ళిపోతారేమోనని నాకు ఒకటే బెంగ. సరిగ్గా అప్పుడే నాకూ మా ఆయనకీ సిటిజన్‌షిప్ టెస్టుకి పిలుపొచ్చింది.

ఆ రోజుల్లో మా వీధిలో ప్రతి బేస్‌మెంట్‌లోనూ స్టూడెంట్సే. బస్టాపులో నిలబడితే విజయవాడ బస్టాండులో ఉన్నట్టు చుట్టూ తెలుగే వినబడేది. మా బేస్‌మెంట్‌లోనూ ముగ్గురు అమ్మాయిలు అద్దెకుండేవాళ్ళు. వాళ్ళలో కరీంనగర్ అమ్మాయి ఒకతి, పగలు కాలేజీ, సాయంత్రం గోడౌన్‌లో ప్యాకింగ్. సోఫాలో కాళ్ళు చాపుకుని గవర్నమెంటు వాళ్ళ పుస్తకం చదువుకుంటున్న నన్ను చూసి ఆ పిల్ల మెట్ల మీదే ఆగిపోయింది.

“ఆంటీ, మీరు దాన్ని కథల పుస్తకం లెక్క చదువుతున్నరు. గట్ల చదివితే రాదు. బిట్లు చెయ్యాలె.”

ఇక చూడాలి నా అవస్థ. ఇంటర్‌లో హాస్టల్లో తాను పడ్డ పాట్లన్నీ ఆ పిల్ల మా వంటింట్లోకి తెచ్చింది. పొద్దున్నే స్టడీ అవర్. ఆదివారం చర్చి నుంచి రాగానే వీక్లీ టెస్టు. పేపర్లు దిద్ది ఫ్రిజ్ మీద ర్యాంకులు అంటించేది. రాసేది నేనూ మా ఆయనా ఇద్దరమే. ప్రతి వారం నాది రెండో ర్యాంకు. తనకి ఫస్టు ర్యాంకు వచ్చిందని ఆయన ఫోన్ చేసి మా అత్తగారికి చెప్పుకున్నారు. మా అమ్మాయి ఫ్రిజ్ తీస్తూ ఆ ర్యాంకులు చూసి, “అమ్మా, ఇట్స్ జస్ట్ బీవర్స్ అండ్ హాకీ, రిలాక్స్,” అనేసి జ్యూస్ తీసుకుని వెళ్ళిపోయింది. బీవర్ అంటే ఈ దేశపు గుర్తుగా నాణెం మీద ఉండే జంతువు, దాని మీదా ఒక బిట్టుంది.

ఇంతలో ఇంగ్లండు రాణిగారు పోయారు. ఆవిడ ఈ దేశానికి కూడా రాణే. పుస్తకంలో దేశాధినేత రాణి అని ఉంది, టీవీలోనేమో ఇక నుంచి రాజు అంటున్నారు. ఇప్పుడు ఆ బిట్ వస్తే ఏది పెట్టాలి? నేనూ మా ఆయనా అన్నం తినడం మానేసి వాదించుకున్నాం. తీర్పు బేస్‌మెంట్ నుంచి వచ్చింది.

“పుస్తకంల ఏముంటే గదే పెట్టుండ్రి ఆంటీ. టీవీ చూసి పేపర్ దిద్దరు. కీ మారేదాంక ఆమె బతికున్నట్టే.”

మేం వెళ్ళేది కోస్తా తెలుగువాళ్ళ చర్చి. పరీక్షలు రాసేవాళ్ళని ముందుకు పిలిచి ప్రార్థన చేసే అలవాటు అక్కడి నుంచి తెచ్చుకున్నదే. అక్కడైతే పదో తరగతి పిల్లలు హాల్ టికెట్లూ పెన్నులూ పట్టుకుని నిలబడేవాళ్ళు. ఇక్కడ నిలబడేది డ్రైవింగ్ టెస్టు వాళ్ళు, నర్సింగ్ లైసెన్సు వాళ్ళు, నాలాంటి వాళ్ళు. ఈ పరీక్ష ఆన్‌లైన్‌లో, ఇంట్లో కూర్చుని రాసేది. హాల్ టికెట్ లేదు, పెన్ను లేదు. అందుకని లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. పాస్టర్‌గారి భార్యని మేమంతా అమ్మగారు అంటాం. ఆవిడ లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, “ప్రభువా, నీ బిడ్డ ప్రతి ప్రశ్నకీ ముందు నిన్ను అడిగి గానీ రాయదు తండ్రీ,” అని నా తరఫున మాట ఇచ్చేశారు. నేను ఆమెన్ అన్నాను. అన్నాక తప్పుతుందా?

పరీక్ష రోజు రూల్స్ అన్నీ అక్షరం పొల్లు పోకుండా పాటించాను. గదిలో ఒక్కర్తినే ఉండాలన్నారు, ఉన్నాను. ఎవరితోనూ మాట్లాడకూడదన్నారు. లాప్‌టాప్ కెమెరా మధ్య మధ్యలో ఫొటోలు తీస్తుంది, మొహం కనబడాలన్నారు. దీపం కూడా దగ్గరకి జరుపుకున్నాను. ప్రశ్న రాగానే చున్నీ తల మీదకి లాక్కుని, కళ్ళు మూసుకుని, పెదాలతో చిన్నగా ప్రార్థన చేసుకుని, అప్పుడు జవాబు నొక్కేదాన్ని. చిన్నప్పటి నుంచీ తల మీద ముసుగు లేకుండా ప్రార్థన చేసి ఎరగను. నా ఐడీ ఫొటోలో ముసుగు లేదు కాబట్టి, అదే మనిషినని తెలియాలి కదా అని ప్రార్థన అవగానే చున్నీ దించేసేదాన్ని. ప్రతి ప్రశ్నకీ ఎక్కించడం, దించడం. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇరవైకి ఇరవై వచ్చాయి. అక్కకి ఫోన్ చేస్తే కుక్కర్ కట్టేసి మరీ ఏడ్చింది.

మా ఆయనకి సిటిజన్‌గా ప్రమాణం చేసే తేదీ వచ్చింది. నాకు రాలేదు. నాకొచ్చింది వేరే మెయిల్. మీ పరీక్ష ఫొటోల గురించి కొన్ని సందేహాలున్నాయి, ఫలితం ఆపి ఉంచాం, ఫలానా రోజు ఆఫీసుకి రండి అని.

“ఏం చేశావే?” అన్నారు మా ఆయన. ఆ గొంతులో ఫస్టు ర్యాంకు లేదు, భయమే ఉంది.

అప్పటికి మంచు పడుతోంది. జూన్ ఎంతో దూరం లేదు. ఆఫీసరు టై కట్టుకున్న పెద్దాయన, నిదానం మనిషి. స్క్రీన్ నా వైపు తిప్పాడు. ఒక ఫొటోలో ఒక ఆడమనిషి బుద్ధిగా చూస్తోంది. పక్క ఫొటోలో చెవులు కప్పుకున్న ఇంకో ఆడమనిషి, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతోంది. తర్వాత మళ్ళీ మొదటావిడ. తర్వాత మళ్ళీ రెండో ఆవిడ. చెప్పొద్దూ, చూస్తే నాకే అనుమానమొచ్చింది. ముసుగు కింద చెవిలో ఏదో పెట్టుకుని, ఎవరో చెబుతుంటే రాసినట్టే ఉంది.

ఆయన అడిగింది ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నది మాత్రం తెలుగులో.

“ఇక్కడ మీరు ఎవరితోనైనా మాట్లాడుతున్నారా?”

ప్రార్థన అంటే దేవుడితో మాట్లాడటం అని సండే స్కూల్లో పిల్లలకి చెప్పేది నేనే. ఆ రూలు చదివినప్పుడు మాత్రం ఆ సంగతి తట్టలేదు. ఇప్పుడు లేదంటే అబద్ధం, అదీ ఎవరి గురించి. అవునంటే జూన్ పోతుంది. 

“మాట్లాడుతున్నానండి.”

“ఎవరితో?”

“దేవుడితో.”

ఆయన టైప్ చేసుకున్నాడు. “అప్పుడు గదిలో మీతో పాటు ఎవరైనా ఉన్నారా?”

“ఆయన అంతటా ఉంటాడండి.”

టైపింగ్ ఆగింది. “మనుషులు.”

“లేరు.”

“ఆయన మీకు జవాబులేమైనా చెప్పారా?”

వేళాకోళం కాదు. అడగాల్సిన ప్రశ్న కాబట్టి అడుగుతున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

“చెప్పలేదండి. చదివింది నేను, రాసింది నేను. బఫెలోలో మా అక్కుంది. ఆమెని ఒక్కసారి చూపించమని నాలుగేళ్ళుగా అడుగుతున్నా. దానికే ఇంతవరకూ జవాబు లేదు. బీవర్ గురించి చెప్తాడా?”

  ఆఫీసరు టిష్యూ పెట్టె నా వైపు జరిపాడు. ఇప్పుడే, ఇక్కడే, నా ముందు మళ్ళీ రాయండి, కళ్ళు తెరిచి, పెదాలు కదపకుండా రాయాలి, చెవులు కనబడాలి అన్నాడు.

చున్నీ మడిచి పక్క కుర్చీలో పెట్టాను. పెదాలు పళ్ళ మధ్య బిగించాను. రెప్ప వాలితే ఎక్కడ ప్రార్థన అనుకుంటాడోనని కళ్ళు చించుకుని కూర్చున్నాను. నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి భయం. ఆయన నన్నే చూస్తున్నాడు. అంత ఒంటరిగా నేను జీవితంలో ఏ పరీక్షా రాయలేదు. ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి.

“చాలు,” అన్నాడు ఆఫీసరు.

పోయింది ఏదో ఆయన చెప్పలేదు కానీ నాకు తెలుసు. దేశాధినేత బిట్టు. అలవాటుగా రాణి అని పెట్టేశాను. “అంటే కీ మారింది ఆంటీ,” అంది బేస్‌మెంట్ అమ్మాయి, తన లెక్క తప్పనట్టే. ఆదివారం అమ్మగారు నా చెయ్యి పట్టుకుని, “చూశావా అమ్మా, ప్రార్థన లేకపోయేసరికి ఒక మార్కు పోయింది,” అన్నారు.

ప్రమాణం కూడా కెమెరా ముందే. ఇన్నాళ్ళూ ఈ దేశంలో ఉండనిచ్చిన, పర్సులో భద్రంగా దాచుకున్న పీఆర్ కార్డుని, వాళ్ళు చెప్పినట్టే, కత్తెరతో ముక్కలు చేసి చూపించాను. అంతసేపూ రెప్ప వెయ్యలేదు. అది అయ్యాక పాస్‌పోర్టు రావడానికి జూన్ మూడో వారమైంది. ఆ శనివారమే కారు తీశాను. నది మీద బ్రిడ్జి దాటడానికి, ఇమిగ్రేషన్ బూత్ దగ్గర లైనుతో కలిపి, కాఫీ తాగినంత సేపు పట్టింది. దీని కోసమా ఇంత, అని కోపం వచ్చింది.

అక్క ఇంటినిండా అట్టపెట్టెలే. వంటింట్లో గిన్నెలు కూడా సర్దేసి, నా కోసం ఒక కుక్కరూ ఒక మూకుడూ ఉంచింది. తలుపు తీసి, నన్ను పట్టుకుని, “ఫోన్లో లావుగా కనబడతావే,” అంది.  పెద్ద పెట్టె ఒకటి బోర్లించి దాని మీద కంచాలు పెట్టింది. దోసకాయ పప్పు, బంగాళాదుంప వేపుడు.

“ప్రార్థన చేసుకుని తిందాం,” అని చున్నీ తల మీదకి లాక్కుని కళ్ళు మూసుకుంది. రోడ్డు కోసం, బ్రిడ్జి కోసం, నా పాస్‌పోర్టు కోసం, ఎల్లుండి రాబోయే లారీ కోసం ఒక్కొక్కటే చెబుతూ పోయింది. నేను మూసుకోలేదు. పాపిట్లో ఇంత తెల్లబడిందని ఫోన్లో ఎప్పుడూ కనబడలేదు. ఎడమ కనుబొమ మీద చిన్నప్పటి మచ్చ అలాగే ఉంది. మాట్లాడుతుంటే గడ్డం అమ్మ గడ్డంలా వణుకుతోంది.

ఆమెన్ అని కళ్ళు తెరిచింది. నేను చూస్తూ దొరికిపోయాను.

“కళ్ళు మూసుకోలేదేమే?”

“ఇవాళ వద్దులే అక్కా,” అన్నాను. “చూడనీ.”