చల్లటి బండి మొదటి చప్పుడు

ఈ ఏడు కరీంనగర్‌లో చలి కాస్త ముందుగానే దిగింది. దిగిన నాటినుంచి మా అబ్బాయి కారు పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందు భాగంలో ఎక్కడో, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమని మోగుతోంది, బండి కాస్త వేడెక్కి వీధి మలుపు దాటేసరికి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటోంది. సర్వీసుకు తీసుకుపోతే అక్కడికి చేరేసరికి ఇంజను వెచ్చబడి ఉంటుంది కనుక చప్పుడు ఉండదు, వాళ్లు కంప్యూటరు తగిలించి చూసి అంతా బాగానే ఉందని పంపేస్తారు. దాంతో మా అబ్బాయి అనుమానం, దసరా తర్వాత పనిలో చేరిన కొత్త డ్రైవరు మీదికి మళ్లింది. నాసిరకం ఆయిలు పోయించి బిల్లు మంచిది తెచ్చాడేమోనని, రోజూ పొద్దున బాల్కనీలో ఫోను పట్టుకొని నిలబడి ఆ మోత రికార్డు చేయడం మొదలుపెట్టాడు. మెడ ఒక పక్కకు వంచి, కళ్లు చిన్నవి చేసి, కింద బానెట్ ముందు నిలబడ్డ ఆ డ్రైవరును వాడు చూసే తీరు చూస్తే నాకు అచ్చంగా మా నాన్న, మా బాపే కనిపించాడు.

అనుమానంలో నేనూ తక్కువదాన్ని కాను. పాలలో వేలు ముంచి చూడందే పొయ్యి మీద పెట్టను, ముప్పై ఏళ్లు టీచరుగా చేశాను కనుక ఎవరు కడుపునొప్పి అన్నా ముందు ముఖం చూస్తాను. ఈ గుణం మా ఇంట్లో భూమి జాగాల కంటే ముందు పంపకానికి వచ్చిన ఆస్తి. మా బాపు ఉట్నూర్‌లో మిషన్ దవాఖాన కంపౌండరుగా చేసి దిగిపోయినవాడు, మనుషుల దగ్గు విని లోపలి సంగతి పట్టే అలవాటు ఆయనకు అక్కడే అబ్బింది. చేతికి వచ్చిన డబ్బుతో మంచిర్యాలలో పాత డీజిల్ జీపు కొనబోయినప్పుడు, అమ్మేవాడు బండిని ఎదురుగా తెచ్చి నిలబెడితే, బాపు ధర అడగలేదు, చుట్టూ తిరగలేదు, నేరుగా పోయి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడట. వెచ్చగా ఉంది. వెచ్చగా ఉన్నదంటే పొద్దున్నే ఒకసారి నడిపి, చలికి చేసే మోతను మాయం చేసి తెచ్చాడన్నమాట. తనకు తొందర ఏం లేదని చెప్పి, అక్కడే అన్నం తిని, వాళ్ల అరుగు మీదే కునుకు తీసి, ఇంజను పూర్తిగా చల్లారాక తన చేతులతో స్టార్ట్ చేసి విన్న తర్వాతే బేరం మొదలుపెట్టాడు. మా వయసు వాళ్లకు ఈ బానెట్ తాకి చూసే విద్య గుర్తుండే ఉంటుంది, ఇప్పుడు ఫోటోలు చూసి కొంటున్నారు.

జీపు ఇంటికి వచ్చిన రోజే బాపు దాని ముందు వేలాడుతున్న నిమ్మకాయనూ మిరపకాయలనూ తెంపి కాలువలో వేసి, పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించాడు. ఆదివారం చర్చిలో కానుకల పళ్లెం పట్టే మనిషి, తాయెత్తులూ దిష్టి కట్లూ అంటే ఆయనకు ఒళ్లు మండేది. మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం, ఆమె కూడా చర్చి మనిషే, ప్రార్థనలో అందరికంటే గట్టిగా పాడేది, కాని ఆ నిమ్మకాయను తెంపుతుంటే మాత్రం ముఖం కొంచెం పక్కకు తిప్పుకుంది. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత గుర్తుకు వచ్చింది.

జీపు నడిపేది మా మామ, అవ్వకు ఒక్కడే తమ్ముడు. పెళ్లి కాలేదు, మా ఇంట్లోనే ఉండేవాడు. తెల్లవారగానే గూడేల నుంచి అంగడికి వచ్చే జనాన్నీ, జొన్నల మూటలనూ, కాళ్లు కట్టేసిన కోళ్లనూ ఎక్కించుకొని, ఇంక ఎక్కడా చోటు లేదనుకున్నాక ఇంకో నలుగురిని ఎక్కించుకొని వచ్చేవాడు. ఒక ఏడు వానాకాలంలో ఘాటు దిగుతుంటే జీపు బురదలో జారి లోయ అంచున ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు గాని, అవ్వ మాత్రం అప్పటినుంచి మామ ఇల్లు చేరేదాకా వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉండేది.

ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. పొద్దున జీపు స్టార్ట్ చేసే వేళకు వాకిట్లో ఎవరూ చప్పుడు చేయకూడదు. అంట్లు తోమడం ఆపాలి, చేతిపంపు కొట్టకూడదు, నేను అప్పుడే కొత్తగా ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేరి, స్నానానికి ఆలస్యమై బడికి పరుగెత్తే రోజుల్లో కూడా బకెట్ పట్టుకొని పంపు దగ్గర ఊరికే నిలబడాలి. మామ తాళం తిప్పితే బాపు మెడ వంచి వినేవాడు. రాత్రంతా చలికి పడుకున్న బండి మొదటి చప్పుడులోనే దాని నిజం ఉంటుందనీ, వేడెక్కాక అన్ని బండ్లూ మంచివేననీ ఆయన నమ్మకం. బాపు తల ఊపిన తర్వాతే మా పంపు మోగేది.

ఆ ఏడే చలికాలంలో, క్రిస్మస్ ఇంకా నెల ఉందనగా, ఒక పొద్దున బాపు తల ఊపలేదు. స్టార్ట్ కాగానే ముందు నుంచి టకటకమని ఇనుము ఇనుముకు తగిలే మోత వచ్చింది, ఇంజను వణుకు తగ్గి నింపాదిగా నడిచేదాకా ఉండి ఆగిపోయింది. మర్నాడూ అంతే. బాపు వరసగా వైద్యం మొదలుపెట్టాడు. ఆయిలు పైకి ఎక్కేదాకా వచ్చే మోత అయితే కాసేపట్లోనే పోవాలి, పోవడం లేదు. క్లచ్ తొక్కించి చూశాడు, తేడా లేదు. ఆయిలు మార్పించి, టాపెట్లు సరిచేయించి, ఇంజను కింది రబ్బర్లు కొత్తవి వేయించాడు. మంచిర్యాల మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే, అంత దూరం నడిచిన ఇంజను అక్కడ మర్యాదస్తుల బిడ్డలాగా కూర్చుంది. మెకానిక్ ఇంజనుకు చెవి పెట్టి విని, బాపు ముఖం వంక ఒక రకంగా చూశాడు. బండిని రాత్రికి అక్కడే వదిలి పొమ్మంటే, మంచి సామాను మార్చేస్తారని బాపుకు అనుమానం, వదలలేదు.

ఇంక మిగిలింది మామ. విచిత్రం ఏమిటంటే ఆ చప్పుడుకు మామ ఏమాత్రం కంగారు పడలేదు. అదే ఆయన కొంప ముంచింది.

“ఇంజన్ల ఏం లేదు బావా, నువ్వు గంత ఫికర్ పెట్టుకోకు. చలి పోతే గదే పోతది” అన్నాడు ఒక రోజు.

“ఏం లేదని నీకెట్ల ఎరుక?” అన్నాడు బాపు. మామ గుడ్డ తీసుకొని జీపు అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

ఆ ఒక్క మాట పట్టుకొని బాపు రోజంతా తిరిగాడు. ఏమీ లేదని అంత ధీమాగా చెప్పేవాడికి ఏముందో తెలిసే ఉంటుందని నాతో అన్నాడు. అప్పట్లో డీజిల్‌లో కిరసనాయిలు కలిపి మిగిలింది అమ్ముకునే డ్రైవర్లు అక్కడక్కడా ఉండేవారు, అలా కలిపితే ఇంజను కొట్టుకుంటుందని అందరికీ తెలుసు. బాపు ట్యాంకులో పుల్ల ముంచి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని, మందు సీసా మూత తీసి చూసినట్టు వాసన చూసేవాడు. ముందు సీట్లో తనూ కూర్చొని అంగళ్లకు వెళ్లడం మొదలుపెట్టాడు. మామ రెండుసార్లు జీపు కిందికి దూరబోతే, చేసిన పని కప్పిపెట్టడానికే దూరుతున్నాడని, తాను చూడనిదే బండి మీద చెయ్యి వేయవద్దని ఆపాడు. అవ్వ ఇద్దరికీ అన్నం పెట్టేది, ఒకరి కంచం వైపు చూస్తూ ఇంకొకరికి వడ్డించేది. నా మటుకు నాకు ఎవరిని నమ్మాలో తెలియలేదు, బాపు చెవి తప్పు వినదని తెలుసు, మామ చెయ్యి తప్పు చేయదనీ తెలుసు.

ఒక సాయంత్రం బాపు అడగనే అడిగాడు, కిరసనాయిలు కలుపుతున్నావా అని. మామ చాలాసేపు అవ్వ వైపు చూశాడు. అవ్వ గడపలో నిలబడి ఉంది, ఆమెకు ఏమీ అర్థం కావడం లేదని ముఖంలోనే తెలుస్తోంది.

“గట్ల అనుకున్నంక నేనేం చెప్పినా నువ్వు నమ్మవు బావా. గిదో తాళంచెవి” అని మామ దాన్ని అరుగు మీద పెట్టి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మంచిర్యాల పోయి ఎవరిదో లారీ మీద డ్రైవరుగా చేరాడు.

అవ్వ ఏడవలేదు, పోట్లాడలేదు. పండుగకు గోడలకు సున్నం వేసే పని ఆపేసింది. చర్చిలో పాటకు నోరు తెరవడం మానేసింది. ఉన్న ఒక్క తమ్ముడిని దొంగను చేసి వెళ్లగొట్టిన ఇంట్లో పండుగేమిటని అన్నదో లేదో గాని, ఆ మాట మా ఇల్లంతా వినిపించింది.

మామ పోయాడు గాని చప్పుడు పోలేదు. బాపు తానే డీజిల్ కొట్టించుకొని, తానే తాళం పెట్టుకొని, తానే నడిపినా పొద్దున్నే అదే టకటక. దొంగ పోయాక కూడా దొంగతనం ఆగకపోతే అనుమానించేవాడికి అంతకంటే పరేషాన్ ఉండదు. ఒక ఆదివారం పొద్దున, అవ్వ చర్చి ఊడవడానికి ముందే వెళ్లిపోయిన వేళ, బాపు నన్ను తాళం తిప్పమని చెప్పి, పొడుగాటి స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించుకొని, దాని మొన ఇంజనులో ఒక్కొక్క చోటా పెట్టి విన్నాడు. ఇంజనులో మోత లేదు. చప్పుడు ఇంకా కిందినుంచి వస్తోంది. గోనెసంచి పరుచుకొని కిందికి దూరాడు, కాసేపటికి ఆపమన్నాడు.

బయటికి వచ్చేసరికి ఆయన చేతిలో గుర్రపు నాడా ఉంది. రేడియేటరు కింద అడ్డంగా ఉండే ఇనుప పట్టీ వెనక ఎవరికీ కనబడకుండా కట్టి ఉందట. చుట్టూ గట్టిగా గుడ్డ చుట్టి కట్టారు, బురదకూ రాపిడికీ గుడ్డ అరిగి చిరిగిపోయి ఇనుము బయటపడింది. చలికి ఇంజను వణికినంతసేపు అది పట్టీని కొట్టుకుంటోంది, వణుకు తగ్గితే ఊరుకుంటోంది. నాడా మీద ఇంకా అతుక్కొని ఉన్న పీలిక మట్టిలో కూడా ఎర్రగానే కనబడుతోంది. అది బాపు సిరిసిల్ల నుంచి అవ్వకు తెచ్చిన నేత చీర అంచు, నేనూ గుర్తుపట్టాను.

బాపు గోనెసంచి మీదే కూర్చొని ఆ పీలిక మీది మట్టిని బొటనవేలితో తుడిచాడు. ఘాటు దగ్గర జీపు జారిన తర్వాత, తమ్ముడికి ఏమీ కాకూడదని అవ్వ మా కన్ను గప్పి ఎక్కడినుంచో తెచ్చి కట్టిన రక్ష అది. వారం వారం జీపు కింద పడుకొని గ్రీజు పెట్టే మామకు అది కనబడకుండా ఉండదు.

“వానికి ఎరుకే” అన్నాడు బాపు మెల్లగా. “అక్క పేరు బయట పడతదని తాళంచెవి పెట్టి పోయిండు.”

మామ చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, పాస్టరు గారి దాకా పోయేది. బాపు ఆ నాడాను కాలువలో వేస్తాడనే అనుకున్నాను. ఆయన లోపలికి పోయి, చర్చికి కట్టుకునే తన తెల్ల పంచె కొంగు చించుకొచ్చి, దెబ్బకు కట్టు కట్టే కంపౌండరు చేతులతో దాన్ని పొరలు పొరలుగా చుట్టి, మళ్లీ కిందికి దూరి ఉన్నచోటే కట్టాడు. చేతులు తుడుచుకుంటూ నాతో ఒక్కటే అన్నాడు, “నువ్వేం చూడలే బిడ్డా.”

మర్నాడు జీపు చప్పుడు లేకుండా స్టార్ట్ అయింది. అవ్వ వంటింటి తలుపు దగ్గర నిలబడి బాపును అనుమానంగా చూసింది, మా ఇంట్లో ఆమె అలా చూడడం అదే మొదలు. బాపు ఆ జీపులోనే మంచిర్యాల పోయాడు. అక్కడ మామతో ఏం మాట్లాడాడో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి వచ్చారు, నడుపుతున్నది మామ.

ఆ మర్నాటి పొద్దు నేను ఎన్నటికీ మరచిపోను. మామ జీపు ఎక్కాడు. నేను అలవాటుగా బకెట్ పట్టుకొని పంపు దగ్గర ఆగిపోయాను. మామ తాళం మీద చెయ్యి వేసి, బాపు మెడ వంచడం కోసం చూస్తున్నాడు. బాపు నా చేతిలో బకెట్ తీసుకొని పంపు కింద పెట్టి, ఉన్న బలమంతా పెట్టి పంపు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ కిర్రు కిర్రులో జీపు ఎప్పుడు స్టార్ట్ అయిందో, ఏ చప్పుడు చేసిందో మాకెవరికీ వినబడలేదు. బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నా ఆయన ఆపలేదు, మామ జీపు మలుపు తిరిగేదాకా కొడుతూనే ఉన్నాడు. మామ వెనక్కి చూడలేదు గాని, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకోవడం నేను చూశాను. అవ్వ ఆ మధ్యాహ్నమే సున్నం నానబోసింది.

తర్వాత ప్రతి ఏడూ పండుగ ముందు ఆ నాడాకు కొత్త గుడ్డ పడేది. అవ్వ ఎరగనట్టు ఉండేది, బాపు ఎరగనట్టు ఉండేవాడు, మామ గ్రీజు పెడుతూ దాన్ని తప్పించుకొని పెట్టేవాడు. ఇప్పుడు ముగ్గురూ లేరు. జీపు అమ్మేనాడు బాపు విప్పి ఇచ్చిన ఆ నాడా మాత్రం పంచె గుడ్డలోనే నా బీరువాలో ఉంది.

మా అబ్బాయి కారు సంగతి నిన్న తేలింది. నా పోరు పడలేక బండిని రాత్రికి సర్వీసులోనే వదిలితే, పొద్దున్నే విని, ఇంజను నుంచి సైలెన్సరుకు పోయే గొట్టం మీది రేకు బోల్టు వదులైందని బిగించారు. ఆయిలు మంచిదే. చప్పుడు పోయింది గాని అనుమానం పోలేదు, ఈ పొద్దున కూడా మావాడు ఫోను పట్టుకొని బాల్కనీలో నిలబడ్డాడు. కింద ఆ డ్రైవరు తాళం చేతిలో పట్టుకొని, పైకి చూస్తూ ఆగిపోయి ఉన్నాడు. వెనకటి అనుమానాలు ఒకే వాకిట్లో, ఒకే కుండలో అన్నం తినే మనుషుల మధ్య పుట్టేవి, అక్కడే ఎవరో ఒకరు వాటిని మోసేవారు, ఎవరో ఒకరు దించేవారు. ఇప్పుడు అవి ఫోన్లలో భద్రంగా ఉంటున్నాయి, దించుకోవడానికి వాకిళ్లే లేవు.

మా ఇంట్లో చేతిపంపు కూడా లేదు. నేను వంటింట్లోకి పోయి, మిక్సీలో గుప్పెడు పల్లీలు వేసి, కారు గేటు దాటేదాకా తిప్పుతూనే ఉన్నాను.