నూనె చుక్క లేని పళ్ళెం

జూలైలో జవానుగా అడవి క్యాంపులో దిగాను. భద్రాచలం దాటి కొంత దూరం పోయాక తారు రోడ్డు అయిపోయింది. ఆ తర్వాత అంతా ఎర్ర బురద. క్యాంపు అంటే ముళ్ళకంచె, ఇసుక మూటల బంకర్లు, రేకుల వంటశాల. చుట్టూ టేకు, వెదురు. నాది టేకులపల్లి, అడవి కొత్త కాదు. అయినా ఆరని బట్టల్లో నిద్రపోవడం అలవాటు కావడానికి నెల పట్టింది.

మా సెక్షన్ కమాండర్‌ది మధిర వైపు. మంచివాడు, మొండివాడు. ఆ ఏడు సెలవు నుంచి వస్తూ షుగర్ ఉందన్న కబురు తెచ్చాడు. మా మెస్‌లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికి జబ్బు చేసినా పళ్ళెంలో నూనె బంద్. తాళింపు లేని పప్పు, కుప్పగా అన్నం, పైన గంజి. జ్వరానికీ అదే, విరేచనాలకూ అదే. ఆయన షుగర్‌కూ అదే పెట్టించుకున్నాడు. టీలో చక్కెర మానేశాడు. గుడ్డు మానేశాడు. గస్తీకి బయలుదేరే ముందు తన పల్లీలు నాకిచ్చి, నా అటుకులు తీసుకునేవాడు.

"నూనె గింజలు మనకి పడవు తమ్ముడూ" అనేవాడు.

మేమంతా ఆయన నిష్ఠకు దండం పెట్టాం. ఏం నిష్ఠ, నా మొహం!

మందులు చూసే జవాను కొత్తగూడెం వాడు. ఒకరోజు ఆ అన్నం కుప్ప చూసి ఉండబట్టలేకపోయాడు.

"సార్, గీ అన్నమే కడుపుల చక్కెరైతది. గంజి ఇంకా జల్దీ. నూనె ఎక్కువైతే ఒళ్ళు పెరుగుతది, గుండెకు చేటే, కాదన. గని రక్తంల చక్కెరను ఎగేసేది పిండి పదార్థం. అన్నం సగం చెయ్యుండ్రి. పప్పు, గుడ్డు, ఆకుకూర పెంచుండ్రి. గుప్పెడు పల్లీలు తింటే ఏం గాదు."

"అన్నం తగ్గిస్తే తుపాకీ ఎవడు మోస్తాడయ్యా? తీపి ముట్టుకోవట్లేదు కదా."

"అన్నం తియ్యగ లేదని మోసపోకుండ్రి సార్."

కమాండర్ నవ్వి గంజి తాగేశాడు.

ఆగస్టులో తడి బూటు ఆయన మడమను కొరికింది. నొప్పి తెలియలేదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ అప్పటికే పోయిందని మాకెవరికీ తెలియదు. బూటు విప్పితే మేజోడుతో పాటు చర్మం ఊడొచ్చింది. మందుల జవాను వైర్‌లెస్ అందుకున్నాడు.

"కాలుకు పుండు, జ్వరం. నడవలేడు. బండి కావాలె."

"వాగు పొంగింది. నీళ్ళు తగ్గేదాకా బండి రాదు. ఓవర్."

వాగు తగ్గేసరికి నలుపు చీలమండ దాటింది.

"కాలు ఉంటదా తమ్ముడూ?" అన్నాడు కమాండర్, బండి ఎక్కిస్తుంటే.

ఉంటుందన్నాను. నాకేం తెలుసు?

చలికాలంలో నా డ్యూటీ ముగిసింది. ఇంటికి వస్తూ ఖమ్మంలో ఆయన ఉన్న దవాఖానాకు వెళ్ళాను. ఒకవైపు మోకాలి కింద దుప్పటి చదునుగా ఉంది. రెండో పాదానికీ కట్టు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన భార్య క్యారేజీ విప్పింది. తెల్లటి మెత్తటి అన్నం, గంజి.

"చుక్క నూనె వెయ్యలేదు తమ్ముడూ. ఇంటి దగ్గర కూడా పథ్యం తప్పనివ్వలేదు నేను" అంది.

ముద్ద కలిపి ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన నా వైపు చూశాడు. చేటు చేసింది ఆ అన్నమేనని ఆయనకు ఇప్పుడు తెలుసు. ఆమెకు చెబుదామని నేను నోరు తెరిచాను. వద్దన్నట్టు తల ఊపి, ఆయన ముద్దకు నోరు తెరిచాడు.