ఇంటర్వెల్ తర్వాత

ఆ కుట్టుశాలలో బట్ట కోసేది అతనొక్కడే. స్కూలు యూనిఫారాల గుడ్డని పొరలు పొరలుగా బల్ల మీద పరిచి, సుద్దతో గీసి, పెద్ద కత్తెరతో జంకు లేకుండా కోసుకుంటూ పోతాడు. అందుకే అందరూ కటింగ్ మాస్టర్ అంటారు. పని సంగతి అలా ఉంచితే, అతనికి పేరు తెచ్చినవి సినిమాలు. ఆదివారం మ్యాట్నీకి వెళ్ళడం, సోమవారం మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు విప్పేవేళకి ఆ కథ ఎత్తుకోవడం. మిషన్ల దగ్గరి ఆడవాళ్ళకి ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

తీర్పులు కూడా తనే ఇచ్చేవాడు. ‘ఒకసారి చూడచ్చు’ అన్నాడంటే ఆ వారం సగం కుట్టుశాల హాల్లోనే ఉండేది. ‘టీవీలో వచ్చినప్పుడు చూద్దాంలే’ అన్నాడంటే ఇక ఆ సినిమా పని అయిపోయినట్టే. ఈమధ్య వచ్చినవాటి మీద అతనికి బోలెడు ఫిర్యాదులు. హీరో ఏం గొణుగుతాడో ఒక్క ముక్క వినబడదు, వాయిద్యాలు మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. ఒక విలన్‌ని చంపగానే ఇంకొకడు తలుపు తోసుకుని వస్తాడు.

ఇన్ని చెప్పేవాడు కథని మాత్రం ఇంటర్వెల్ దగ్గర ఆపేసేవాడు. “మిగతాది కూడా నేనే చెప్పేస్తే మీకింక మజా ఏముంటుంది? తెర మీద చూసుకోండి” అనేవాడు. ఎంత మర్యాదస్తుడో అని అందరూ మెచ్చుకునేవారు. మర్యాదా లేదు, మన్నూ లేదు. ఇంటర్వెల్ తర్వాత మాస్టర్ నిద్రపోయేవాడు. వారమంతా బల్ల దగ్గర నిలబడ్డ కాళ్ళాయె, దానికి తోడు చల్లగాలి, చీకటి, మెత్తటి కుర్చీ. కాఫీ తాగి వచ్చి కూర్చుంటే చాలు, రెప్పలు వాలిపోయేవి. లైట్లు వెలిగాక ఊడ్చేవాళ్ళెవరో తట్టి లేపేవారు.

ఈ గుట్టు తెలిసింది అతని భార్యకొక్కదానికే. “డబ్బులిచ్చి గురక పెట్టే మనిషి పక్కన నేను కూర్చోను” అని ఆవిడ హాలుకి రావడం మానేసింది. ఇంట్లో మాత్రం ఇద్దరూ కలిసి పాతవి చూస్తారు. అందులోనూ ఒకటుంది, గడియారాలు బాగుచేసేవాడికీ ఎదురింటి పాటల టీచరుకీ మధ్య జరిగే ప్రేమకథ. ఎన్నిసార్లు చూశారో వాళ్ళకే తెలియదు. మధ్యలో కునుకు తీసినా నష్టం లేదు. సొంతింట్లో నిద్ర లేచినట్టు, కళ్ళు తెరవగానే ఎక్కడున్నామో తెలిసిపోతుంది. ఆ సినిమా అంటే మాస్టర్‌కి ప్రాణం. కానీ అందరికీ తెలిసిన కథని సోమవారం ఎవరు వింటారు? కుట్టుశాలలో అతని వంక నలుగురూ తలెత్తి చూసేది ఆ కాసేపే. అది వదులుకోవడం అతని వల్ల కాలేదు.

అక్కడ కాజాలు తీసి గుండీలు కుట్టే ఆమెని అందరూ కాజాలక్క అంటారు. కిందటేడు ఆమె భర్త ఆసుపత్రిలో పోయాడు. పదేళ్ళ కూతురు బడి వదలగానే వచ్చి, గుండీల డబ్బా పక్కన కూర్చుని పాఠాలు రాసుకుంటుంది. తండ్రి పోయాక ఆ పిల్ల నవ్వడం దాదాపు మానేసింది.

ఒక సోమవారం మాస్టర్ ఓ కొత్త సినిమా ఎత్తుకున్నాడు. ఒక తండ్రి, ఒక కూతురు. తండ్రి ఒట్టి చిలిపివాడు, రకరకాల వేషాలు వేసి ఊరందరినీ బురిడీ కొట్టిస్తుంటాడు. సరిగ్గా ఇంటర్వెల్ ముందు, కూతురి బడి స్టేజీ మీద దభీమని పడిపోతాడు. మాస్టర్ అలవాటు ప్రకారం అక్కడ ఆపి మంచినీళ్ళు తాగాడు.

“మాస్టారూ, ఈ ఒక్కసారికి చివరిదాకా చెప్పండి. మా పిల్లని తీసుకెళ్దామనుకుంటున్నాను. అది నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ తండ్రి లేస్తాడా?” అని అడిగింది కాజాలక్క.

తెలియదనడానికి అతనికి నోరు రాలేదు. అందరూ తన మొహం వంకే చూస్తున్నారు. అంతసేపు నవ్వించిన మనిషి కదా, ఇదీ ఒక వేషమే అయ్యుంటుందనుకున్నాడు.

“లేవకేం తల్లీ! ఆసుపత్రి మంచం మీంచి ఒక్క గెంతు గెంతి, నర్సు టోపీ పెట్టుకుని డాన్సు చేస్తాడు. హాలంతా ఈలలే అనుకో. నువ్వు కళ్ళు మూసుకుని తీసుకెళ్ళు.”

అందరూ పగలబడి నవ్వారు. కాజాలక్క కూడా నవ్వింది.

మళ్ళీ సోమవారం వచ్చింది. కాజాలక్క డబ్బా విప్పకుండానే మాస్టర్ దగ్గరికి వచ్చి, “మేం వెళ్ళిన థియేటర్‌వాళ్ళు మోసం చేశారు మాస్టారూ. ఆ లేచే సీను తీసేశారు” అంది.

ఆమె చెప్పుకుపోయింది. ఇంటర్వెల్ తర్వాత తండ్రి ఆసుపత్రి మంచం దిగనేలేదట. పిల్ల “వెళ్ళిపోదామమ్మా” అని చెయ్యి పట్టి లాగిందట. “కూర్చోవే, ఇప్పుడు లేస్తాడు చూడు, మాస్టారు చెప్పారు” అని తనే కూర్చోబెట్టిందట. తెర మీద దుప్పటి మొహం మీదికి లాగినప్పుడు కూడా “వేషమేలే” అందట. చివర్లో పేర్లన్నీ పడిపోయి లైట్లు వెలిగినా ఇద్దరూ కుర్చీల్లోంచి లేవలేదట.

“పిల్ల ఒకటే గోల, మాస్టారు చూసిన థియేటర్‌కే వెళ్దామని. మీరెక్కడ చూశారు?”

“కనుక్కుని చెబుతానమ్మా” అన్నాడు. తను వెళ్ళిన హాలు పేరు తను కనుక్కోవడమేమిటి! ఆమె అది కూడా నమ్మి తలూపింది. మాస్టర్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నం గీత తప్పి ఒక తాను గుడ్డ పాడుచేశాడు.

ఇంటికెళ్ళి భార్యకి చెబితే ఆవిడ ఎగతాళి చెయ్యలేదు. “ముందు మెలకువగా చూసి రండి. తర్వాత వెళ్ళి నిజం చెప్పండి” అంది.

ఆదివారం అదే సినిమాకి వెళ్ళిన మాస్టర్ ఈసారి కూర్చోలేదు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. “సీట్లు ఖాళీగా ఉన్నాయి పెద్దాయనా” అని టార్చి పట్టుకున్నతను చెప్పినా, పర్వాలేదన్నాడు. ఆసుపత్రి సీను మొదలైంది. అది ఎంతకీ అయిపోదు. మధ్యమధ్య ఆ తండ్రి కళ్ళు తెరుస్తాడు, వేళ్ళు కదుపుతాడు, అదిగో లేస్తున్నాడనిపిస్తాడు. అలా అనిపించినప్పుడల్లా, ఈ చీకట్లోనే ఎక్కడో ఒక తల్లి కూతురి భుజం నొక్కి కూర్చోబెట్టడం మాస్టర్‌కి కనిపించింది. సిగ్గేసింది. పారిపోదామనుకున్నాడు, కానీ లైట్లు వెలిగేదాకా కదల్లేదు.

సోమవారం సాయంత్రం పిల్ల గుండీల డబ్బా పక్కన ఒక్కతే ఉంది. వాళ్ళమ్మ నీళ్ళ కోసం బయటికి వెళ్ళింది. మాస్టర్ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“తల్లీ, ఆ లేచే సీను ఏ థియేటర్లోనూ లేదు. నేను నిద్రపోయి, నోటికొచ్చింది చెప్పాను.”

“నాకు తెలుసు” అంది పిల్ల, పుస్తకంలోంచి తలెత్తకుండా.

“మరి ఆ హాలుకి వెళ్దామని గోల చేస్తున్నావట?”

“నేనెక్కడ చేశాను? అమ్మే అంటోంది. రోజూ అంటోంది.”

మాస్టర్ ఇంకా లేవకముందే కాజాలక్క సీసాతో లోపలికి వచ్చింది. “కనుక్కున్నారా మాస్టారూ?” అంది ఆశగా.

అతను లేచి నిలబడ్డాడు. పక్కకి పిలిచి చెప్పచ్చు. కానీ నలుగురిలో ఆడిన అబద్ధం నలుగురిలోనే ఒప్పుకోవాలనిపించింది.

“అతను లేవడమ్మా. ఏ హాల్లోనూ లేవడు. నిన్నటిదాకా ఇంటర్వెల్ తర్వాత నేనెప్పుడూ మేలుకుని లేను. ఆ డాన్సు, ఆ టోపీ, అన్నీ నేను అల్లినవే.”

ఒక్కొక్క మిషనూ ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు.

కాజాలక్క సీసా కింద పెట్టింది. “దుప్పటి కప్పినప్పుడే నాకూ తెలిసింది మాస్టారూ” అంది. “కానీ అతను లేవగా చూశానని మీరన్నారు కదా. పోన్లే, ఒక్కరైనా చూశారు కదా అనుకున్నాను.”

కూతురి పక్కన కూర్చుని, గుండీలు కుట్టకుండా మిగిలిన చొక్కా ఒళ్ళోకి తీసుకుంది.