ఒక్క నీళ్లు తప్ప

చంద్రమోహన్ పట్టుచీరలు నేస్తాడు. ధర్మవరంలో నేసేవాళ్లకు కొదవ లేదు కాబట్టి ఆ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. బావుల చంద్రుడంటే మాత్రం పెనుకొండ అవతలి పల్లెల్లో కూడా తెలుసు. మంచి వానలు పడి ఏళ్లుగా ఎండిన బావులు నిండినప్పటి నుంచి, మోటారు ఊడిపడినా, బిందె జారినా, మేక పడినా అతనికే ఫోన్ చేస్తారు. నడుముకు మోకు కట్టుకుని దిగుతాడు. డబ్బు ముట్టడు. నీళ్లలోంచి తీసినదానికి కూలి అడిగితే, ఆ కూలిని నీళ్లే తిరిగి వసూలు చేసుకుంటాయని అతని నాయన చెప్పిన మాట.

భార్య వాణి హిందూపురంలో కెమిస్ట్రీ చదివింది. పాప మంజు పుట్టాక ఆమెకు కంటినిండా నిద్ర లేదు. ప్లగ్గు రంధ్రాలకు టేపు అంటించింది. వేరుశనగ గింజ గొంతుకు అడ్డం పడుతుందని డబ్బా అటకెక్కించింది. ఇక మొగుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. పాతబావి అడుగున బరువైన గాలి పేరుకుంటుందని, ముందు దీపం దించి, అది ఆరకపోతేనే దిగమని నేర్పింది. మునిగేముందు గబగబా ఊపిరి పీలిస్తే, గాలి కావాలన్న కబురు మెదడుకు చేరేలోపే స్పృహ తప్పుతుందని భయపెట్టింది. “సరే టీచరమ్మా” అని నవ్వేవాడు. దీపం మాత్రం మరవకుండా దించేవాడు.

బావికి పోయిన రోజుల్లో కొన్నిసార్లు భుజాన కొత్త తువ్వాలుతో వచ్చేవాడు. మోటారు తీసినందుకు రైతు కప్పినాడనేవాడు. ఆ తువ్వాళ్లు నాలుగు ఉతుకులకు మెత్తబడి, మంజుకు నీళ్లు పోశాక ఒళ్లు తుడవడానికి బాగుండేవి.

ఇతనికేమన్నా అయితే పాప గతేమిటన్న దిగులు వాణిని పురుగులా తొలుస్తూ వచ్చింది. చివరికి చిన్నాయన దాసప్పను రమ్మంది. ఆయన హిందూపురంలో ఇన్సూరెన్సు ఏజెంటు. ఆదివారం పొద్దున వచ్చి, మగ్గం పక్కన చాప మీద కూర్చుని కాగితాలు తీశాడు.

“ఏమప్పా అల్లుడా, సిగరెట్టు?”

“లేదు మామా.”

“మందు?”

“పండగలకు.”

“పండగలు రాయంలే. బైకు పందేలు, కొండలెక్కేది, ప్రాణం మీదికి తెచ్చే సరదాలేమన్నా?”

“బావుల్లో దిగుతా కదా.”

దాసప్ప పెన్ను పక్కన పెట్టాడు. “అది సరదా ఎట్లయితాదప్పా? పుణ్యం! మొన్న పెనుకొండ కాడ బావిలో పడిన పిల్లోని శవం తీసింది నువ్వేనంటనే. హిందూపురందాకా చెప్పుకుంటాండారు. వాళ్ల నాయన ఏడ్చుకుంటా నీకు కొత్త టవాలు కప్పినాడంట.”

అప్పుడే నీళ్లు పోసిన పాపను తుడుస్తున్న వాణి చెయ్యి ఆగిపోయింది.

“మోటారన్నావే?”

“మోటార్లూ తీస్తా.”

“ఈ టవాళ్లన్నీ?”

చంద్రమోహన్ మగ్గం వైపు చూశాడు. “బాలింతవు. చెప్తే మైలని బాధపడతావని చెప్పలే. ఆడనే తానం చేసి వస్తాంటి. కప్పింది వద్దనకూడదు వాణీ. వద్దంటే పోయినోడు ఇంకా నీళ్లల్లోనే ఉన్నట్టంట.”

వాణి తువ్వాలు పక్కకు తోసి, కొంగుతో పాపను చుట్టుకుంది.

“అయిందేదో అయింది,” అన్నాడు దాసప్ప. “పుణ్యం కింద వదిలేద్దాం. రాయం.”

“కాదు మామా,” అన్నాడు చంద్రమోహన్ మెల్లగా. “అబద్ధమెందుకు, సరదానే. పొద్దస్తమానం తలకాయలో దడదడా అంటాంటాది. మునిగితే ఆడ మగ్గం చప్పుడు ఉండదు. ఒక్కోసారి ఎవురూ పిలవకపోయినా పోయి మునిగి వస్తా.”

తువ్వాళ్ల సంగతి కన్నా ఈ మాటే వాణికి ఎక్కువ గుచ్చుకుంది. ఈ ఇంటి నుంచి తప్పించుకోవడానికి అతనికొక చోటుంది, అది బావి అడుగున ఉంది.

“రాయి చిన్నాయనా,” అంది.

“రాస్తే దుడ్లు ఎక్కువ అడుగుతారు, లేకుంటే ఇయ్యనే ఇయ్యరు. నీకేమన్నా పిచ్చా?”

“దాచిపెడితే రేపు పాపకు మొండిచెయ్యి చూపిస్తారు. రాయి.”

దాసప్ప గొణుక్కుంటూ రాశాడు.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. దాసప్ప ఫోన్ చేశాడు. “పాలసీ ఇచ్చినారుమ్మే! బస్సు గుద్దినా, గుండె ఆగినా, పాము కరిచినా వస్తాది. బావి, చెరువు, కుంట, ఒక్క నీళ్లు తప్ప.”

“ఆయప్ప నీళ్లల్లో కాకుండా యాడ చస్తాడు చిన్నాయనా?” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం మంజు తల మీద చెయ్యి పెట్టించి, ఇక బావిలో దిగనని ఒట్టు వేయించుకుంది. చంద్రమోహన్ మారుమాట లేకుండా వేశాడు. మోకు చుట్టచుట్టి అటక మీద పడేశాడు. ఎవరన్నా పిలిస్తే “ఇప్పుడు దిగడం లేదప్పా” అని పెట్టేసేవాడు. తువ్వాళ్లు ఇంట్లో ఒక మూల అట్లాగే పడి ఉన్నాయి. వాటిని పారేయడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. అతను నవ్వడం తగ్గింది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, టిఫిను నుంచి దీపాల వేళ దాకా నేస్తూనే ఉండేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం కాకముందే అతని ఫోన్ మోగితే వాణి ఎత్తింది.

“బావుల చంద్రుడా, నాయనా?” ముసలి గొంతు.

“నేను ఆయన ఇంటామెను.”

“పెనుకొండ పక్క పల్లె, తల్లీ. చౌడక్కను. మా ఇంటాయన పోతులయ్య గొర్లకు నీళ్లు చేదబోయి బావిలోకి జారినాడు. పొద్దున్నించి తేలలేదు. మావోళ్లకెవురికీ అంత లోతు చేతగాదు. నీ మొగుణ్ని పంపు తల్లీ.”

పొద్దున్నించి. ఊపిరాడని మెదడు నిమిషాల్లో ఆరిపోతుందని వాణి చదువుకుంది. అక్కడ బతికించడానికి ఎవరూ లేరు. ఇక్కడ మంజు ఉంది.

“లేడవ్వా. హిందూపురం పోయినాడు.”

“మగ్గం చప్పుడు వినపడతాండాదే తల్లీ?”

“పక్కింటిది,” అంది వాణి.

మగ్గం ఆగింది.

“సరే తల్లీ” అని చౌడక్క పెట్టేసింది.

చంద్రమోహన్ నడుము దాకా గుంతలో ఉండి ఆమె వైపే చూస్తున్నాడు. అడుగుతాడనుకుంది, తిడతాడనుకుంది. అతను నేల మీద ఆడుకుంటున్న మంజును చూశాడు. తల దించుకుని మళ్లీ నేయసాగాడు. ఆ పూట అన్నానికి లేవలేదు.

పొద్దు గూకాక అదే నంబరు మోగింది.

“తీసినారులే తల్లీ,” అంది చౌడక్క. “ఫైరింజనోళ్లు వచ్చి ఇప్పుడు తీసినారు. నీ మొగుడు ఇంటికొస్తే ఇంక రావద్దని చెప్పు. చీకట్లో బండేసుకుని బయలుదేరతాడేమోనని ఫోను చేస్తాండా. ఆయప్పకని టవాలు తెప్పించి పెట్టింటిమి. దాన్ని మా ముసలాయనకే కప్పినాము.”

వాణి ఫోన్ పట్టుకుని మగ్గం దగ్గరకు వెళ్లింది. విన్నదంతా చెప్పింది. టవాలు మాట కూడా చెప్పింది.

చంద్రమోహన్ నేత ఆపి విన్నాడు. తర్వాత, “దిగినోళ్లు ముందు దీపం దించినారా?” అని అడిగాడు.

ఆమె చౌడక్కను ఆ మాట అడగలేదు.

అతను తల ఊపి, మళ్లీ పనికి వంగాడు.