అవుసలి మామ గీటు పెట్టిన పెన్ను

నాకు ఇరవై మూడేళ్లున్న ఆ రోజుల్లో ‘తెలియదు’ అనే మాట నా నోట్లోంచి వచ్చేదే కాదు. (ఇప్పుడు రోజుకు పదిసార్లు అంటున్నాను, ఎవరూ ఏమీ అనడం లేదు.) సిద్దిపేటలో ఒక వకీలు సారు దగ్గర అప్పుడే జూనియర్‌గా చేరాను. సారుకు ఖరీదైన ఇంకు పెన్నుల పిచ్చి. చట్టాల పుస్తకాల బీరువాకు తాళమే ఉండేది కాదు, పెన్నుల బీరువాకు మాత్రం రెండు. చేరిన రెండో రోజు సారు రాస్తుంటే చూసి, "సార్, మీ పాళీ మస్తు సాఫీగ పోతుంది. పద్దెనిమిది క్యారెట్లదా?" అనేశాను. అంతకు ముందురోజు ఫోన్లో చూసిన వీడియో మహిమ అది. సారు మొహం వెలిగిపోయింది. "అరే, పెన్నుల గురించి నీకెరుకేనా?" అన్నారు. "చిన్నప్పటి సంది ఎరుకే సార్" అన్నాను. చిన్నప్పుడు నేను వాడినవన్నీ వెనక కొస నమిలిన బాల్ పెన్నులు. నాతోపాటు చేరిన ఇంకో కుర్రవాడు దావా కాగితాలు నాకన్నా చక్కగా రాసేవాడు. ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటానని సారు ముందే చెప్పారు కాబట్టి, నేను నిలబడాలంటే ఆ ఒక్క అబద్ధం నిలబడాలి.

ఒకరోజు సారు హైకోర్టుకు బయల్దేరుతూ నన్ను పిలిచారు. చింతమడకలో ఒక రిటైర్డ్ ఓవర్సీరు తన పాత విదేశీ పెన్ను అమ్ముతున్నాడట, అలాంటివి ఇప్పుడు తయారు కావట. "నువ్వు వోయి చూడు. పాళీ అసలు బంగారమైతే తీస్కరా, దొంగదైతే దండం వెట్టి రా. నీ మాటే ఫైనల్" అన్నారు. బండి మీద దారంతా వీడియోలు గుర్తు చేసుకుంటూ పోయాను గానీ, గుర్తొచ్చినవన్నీ మధ్యలో వచ్చిన అడ్వర్టయిజ్‌మెంట్లే.

ఓవర్సీరు తాత డెబ్బై దాటిన మనిషి. మఖ్మల్ డబ్బా తెరిచి, పసిపిల్లను అందించినట్టు రెండు చేతులతో పెన్ను నా చేతిలో పెట్టాడు. నల్లటి ఒళ్లు, మూతకు బంగారు కట్లు. నేను అటు తిప్పి, ఇటు తిప్పి "ఊఁ" అన్నాను. కాసేపాగి ఇంకోసారి "ఊఁ" అన్నాను. పాళీ మీద ముద్ర ఉంది నిజమే, కానీ దొంగ పెన్నుల మీద ముద్ర ఇంకా ముద్దుగా వేస్తారని ఆ వీడియోవాడే చెప్పాడు. "రాసి చూస్తవా?" అన్నాడు తాత. రాస్తే పాళీ వంగిపోతుందేమోనని నాకు భయం. "అవుసరం లేదు తాతా, చూస్తే తెలుస్తది" అని బింకంగా అన్నాను. "ఎందుకమ్ముతున్నవ్ తాతా?" అంటే ఆయన కుడిచెయ్యి ముందుకు చాపి చూపించాడు. "చెయ్యి వోయింది బిడ్డా. ఏడాది సంది అచ్చరం కుదుర్తలేదు. గీరుకుంట పోతుంది. ఉంచుకొని ఏం జేసుకోను?"

చివరికి, "పేటల ఒకలకు జూపిచ్చి గంటల తెస్త" అన్నాను. తాత కళ్లు చిన్నవి చేశాడు. "నువ్వే తెలిసినోనివని మీ సారు చెప్పిండు గదా? సరే, నీ ఫోన్ గీడ వెట్టి పో." ఫోన్ పెట్టేశాను. దాంతోపాటు వీడియోలూ పోయాయి.

సిద్దిపేటలో నాకు తెలిసిన బంగారం మనిషి ఒక్కడే, మా అక్క కమ్మలు చేసిన అవుసలి మామ. పెన్ను చూపించి, "మామా, గీ పాళీ బంగారమేనా?" అన్నాను. "గంతేనా" అని ఆయన గీటురాయి తీసి, నేను ఆగమనేలోపే పాళీ కొసను దాని మీద బర్రున గీశాడు. బంగారమైతే రాయి మీద పచ్చటి గీత పడాలి, పడలేదు. ఇంకోసారి గీశాడు, పడలేదు. మామకు పౌరుషం వచ్చింది. రాయి మీద ఒక చుక్క నూనె వేసి, గుండ్రంగా, అటూ ఇటూ, మెల్లగా, గట్టిగా అదేపనిగా రుద్దాడు. "మామా, సాలు మామా!" అని నేను మొత్తుకుంటున్నా వినలేదు. చివరికి కళ్లద్దాలు తీసి, "గీతే పడ్తలేదల్లుడా. ఇది బంగారమే కాదు" అని తీర్పు చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. దండం పెట్టి వచ్చేయడమే కదా!

తిరిగి వెళ్లేసరికి తాత నా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "మీ సారు ఫోన్ జేసిండు. పెన్ను ఎవలికో చూపిస్తనని వట్కపోయిండని చెప్పిన. ‘మా పోరడే పెద్ద ఎక్స్‌పర్టు, ఇగ ఎవలికి జూపిస్తడు?’ అని మీ సారు పరేషానైతుండు." అయినా పెన్ను తిరిగిచ్చి, "తాతా, ఇది బంగారం కాదు. అవుసలాయన కొస గీటు వెట్టి చూసిండు" అన్నాను. తాత లేచి నిలబడ్డాడు. "కొస గీకిచ్చినవా? ఓరి నీ తెలివి తెల్లారా! కొసకు బంగారం ఉంటదార? బంగారం మెత్తగుంటది, నాలుగొద్దుల్ల అరుగుతది. గందుకే గట్టి లోహం గింజంత అతికిస్తరు. పాళీ ఖరాబైతే మాత్రం నిన్ను ఊరు దాటనియ్య!"

వణికే చేత్తో ఇంకు పట్టి, కాగితం మీద పెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. గీరుకున్న చప్పుడేమీ రాలేదు. తెరిచి చూస్తే తాత తన పేరు రాస్తున్నాడు. దాని కింద మళ్లీ రాశాడు. పేజీ నిండే దాకా రాశాడు. అక్షరాలు కాస్త వణికాయి గానీ ఎక్కడా తెగలేదు. "ఏడాది కిందట పెన్ను కింద వడ్డది ఒకసారి" అన్నాడు తనలో తనే. "గప్పుడే కొస గరుకైనట్టుంది. గా అవుసలాయన రుద్దుడుకు సాఫైంది. ఇన్నొద్దులు నా చెయ్యే వోయిందనుకున్న గదరా!" లోపలికి తిరిగి, "ఏమేవ్, ఇగో, నా చెయ్యి మంచిగనే ఉన్నదే!" అని కేకేశాడు. కళ్లు తుడుచుకుని నా ఫోన్ నాకిచ్చి, "పో బిడ్డా. ఇగ నేనమ్మ" అన్నాడు.

సాయంత్రం సారు ముందు నిలబడి ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాను. వీడియోతో సహా. మరుసటి రోజు నుంచి ఏం చేయాలో కూడా ఆలోచించుకున్నాను (బెజ్జంకిలో మా బాబాయికి ఎరువుల దుకాణం ఉంది). సారు లేచి, రెండు తాళాలూ తీసి, బీరువాలోంచి ఒక పెన్ను బయటికి తీశారు. "ఇది కొన్నకాడికెల్లి గీరుకుంటనే ఉన్నది. ఎవలికి చెప్పినా ఇజ్జత్ పోతదని ఊకున్న. మీ మామ రేపు దుకాణం ఎన్నింటికి తీస్తడు?" అన్నారు.

అలా నేను ఆ ఆఫీసులో నిలబడ్డాను. ఇప్పుడు నాకూ ఒక చిన్న బీరువా, ఒక భూతద్దం ఉన్నాయి. జూనియర్లు "అన్నా, ఇది అసలుదేనా?" అని పెన్నులు తెస్తే "ఊఁ" అంటాను, కాసేపాగి ఇంకోసారి అంటాను. మొన్న అప్పు చేసి మరీ కొన్న పెన్నుతో సంతకం పెడితే వంకర టింకరగా వచ్చింది. తప్పు పాళీదే, అందులో నాకు అనుమానమే లేదు, నేరుగా అవుసలి మామ దగ్గరికి పోయాను. ఆయన పాళీని వెలుతురుకు పట్టి చూశాడు, కాగితం మీద తన పేరు ముత్యాల్లా రాశాడు, పెన్ను నా జేబులో పెట్టాడు.

"పాళీ మంచిగనే ఉన్నదల్లుడా. పొద్దంత ఫోన్ల ఒత్తుకుంట కూసుంటవ్. ఈసారి నీ చెయ్యే వోయింది."