సుగుణ రాసిన సున్నా

నిన్న ఉదయం ఆరుకు ఫ్లాస్కులో కాఫీ పోసుకుని చెప్పులు వేసుకుంటుంటే అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది.

"సి బ్లాక్ సుగుణ గారు రాత్రి నిద్రలోనే కన్నుమూశారు."

రెండుసార్లు చదివాను. పేరు, బ్లాక్, ఫ్లాట్ నంబర్ సరిచూశాను.

తప్పు దొరకలేదు.

మన నల్లగండ్ల కాంప్లెక్స్‌లో చాలామందికి సుగుణ రోజూ వాకింగ్‌కు వచ్చే పెద్దావిడగానే తెలుసు. కరెంటు కేబుళ్లను పరీక్షించే ల్యాబ్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైంది. ఎనిమిదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా సూపర్ కండక్టర్ కేబుళ్ల మీద తెలుగులో చిన్న పుస్తకం రాస్తోంది.

నేను రిటైరైన లెక్కల టీచర్‌ని. రాసిన పేజీలన్నీ ముందు నాకే ఇచ్చేది. ఎర్ర పెన్ను నాది.

ఒకరోజు పార్కు బెంచీ మీద నా ఫ్లాస్కు లాక్కుంది.

"అక్కా, కేబుల్ అంటె గిదే అనుకో. దీంట్ల నీ కాఫీ వేడిగ ఉంటది. నా దాంట్ల తీగె ఐసు కంటె మస్తు సల్లగ ఉంటది. అంత సల్లబడ్డంక డీసీ కరెంటు ఎంత దూరం పోయినా తీగెల నష్టం సున్నా!"

"ముందు నా ఫ్లాస్కు ఇటివ్వమ్మా. మూత పారేస్తావు."

పోయిన గురువారం ఆ సున్నా దగ్గరే గొడవపడ్డాం. పేజీలో దాన్ని ఎర్రగా కొట్టేసి, 'చల్లబరిచే మెషిన్‌కు కరెంటు ఖర్చు కాదా?' అని పక్కన రాశాను.

"అది వేరే లెక్కక్కా. ఎనక పేజీల రాసిన. తిప్పకుండనే కొట్టేసినవా? నీ క్లాసు పిల్లలు ఎట్ల బతికిన్రో ఏమో!"

నవ్వుతూనే అంది. నాకు కోపం వచ్చింది.

శుక్రవారం, శనివారం మోకాలి నొప్పి అని మెసేజ్ పెట్టి వాకింగ్ మానేశాను.

నొప్పి లేదు.

శనివారం సాయంత్రం పేజీ తిప్పాను. మెషిన్ ఖర్చంతా అక్కడ వివరంగా ఉంది. తప్పు నాదే. కొట్టేసిన సున్నా పక్కన 'ఇదే సరి' అని రాసి సంతకం పెట్టాను.

ఫోన్ చేస్తే ఒక్క నిమిషం పని. ఎదురుగానే చెప్పాలనుకుని, ఆ కాగితం సంచిలో పెట్టుకున్నాను.

ఇంకా సంచిలోనే ఉంది.

మా ఇంట్లో నేను ఏది దిద్దినా ఎవరూ తల ఎత్తరు. "సరే అమ్మా", "సరే అమ్మమ్మా." ఎనిమిదిన్నరకల్లా అందరూ ఆఫీసులకు, స్కూళ్లకు వెళ్లిపోతారు. నాతో వాదించే మనిషి సుగుణ ఒక్కతే.

ఈ ఉదయం కూడా బెంచీ దగ్గరికి వెళ్లాను. అలవాటుగా రెండు కప్పుల కాఫీ పోసుకెళ్లాను. ఒకటి తాగాను.

మిగిలిన పేజీలు చూసిపెట్టమని వాళ్లమ్మాయి అడిగింది. చూస్తాను. ఈసారి ప్రతి పేజీ తిప్పి చూస్తాను.

నీ సున్నా అలాగే ఉంటుంది సుగుణా. నువ్వే రైటు.

ఇక నిన్నెవరూ దిద్దరు. హాయిగా విశ్రాంతి తీసుకో, చెల్లీ.