అక్క చెవి, బావ స్పానరు

పది నంబరు స్పానరు నా చొక్కా జేబులోంచి జారి ఇంజన్లో పడింది. పడ్డ చప్పుడు నాకు వినిపించింది గానీ పైకి చెప్పలేదు. బావకి వినిపించలేదు, అందుకని అడగలేదు. ఇద్దరం గంటన్నర సేపు షెడ్డంతా వెతికాం. నేను బెంచీ కింద కూడా వంగి చూశాను. చివరికి బావ కారు కిందకి దూరి అడుగు రేకు విప్పితే, అందులోంచి మూడు పది నంబరు స్పానర్లూ ఒక టీ చెంచా రాలాయి. చెంచాని చొక్కాకి తుడిచి, "ఇది మీ అక్కది. దీనికోసం నన్ను ఆర్నెల్లు సాధించింది," అన్నాడు. స్పానర్ల సంగతి తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మా బావ ముప్ఫై ఏళ్ళు రేకు డబ్బాల ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను దగ్గర నిలబడ్డాడు. ఆ మోతకి కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి దగ్గర అరిస్తే సగం మాట చేరుతుంది, మిగతా సగం పెదాలు చూసి తనే కల్పించుకుంటాడు. తను కల్పించుకున్నదే ఎప్పుడూ బాగుంటుంది కూడా.

అలాంటి మనిషి మోజుపడి కొనుక్కున్నది ఆరు సిలిండర్ల పాత కారు. అది వయసులో ఉన్న రోజుల్లో రోడ్డు మీద దాన్ని దాటిన బండి లేదట. చూడ్డానికి రిటైరైన ఆఫీసరులా పెద్దమనిషి తరహాగా ఉంటుంది, కాలు కాస్త గట్టిగా నొక్కితే మాత్రం వీపు సీటుకి అతుక్కుపోతుంది. దాని మీద ఇంకో మెకానిక్కు చెయ్యి పడనివ్వడు. ఏ రిపేరైనా ఇంటి పక్క రేకుల షెడ్డులో, పేజీలు నూనెకి పారదర్శకమైపోయిన మాన్యువల్ ముందేసుకుని, తనే చేస్తాడు.

చెవుల్లేని మనిషి ఇంజన్ జబ్బు ఎలా పట్టుకుంటాడంటే, పట్టుకునేది మా అక్క. ఇంజన్ స్టార్ట్ చేసి బావ వంటింటి కిటికీ వైపు చూస్తాడు. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, తల ఒక పక్కకి వంచి, రెండు నిమిషాలు విని తీర్పు చెబుతుంది. ఆవిడకి ఇంజన్ భాగాల పేర్లు ఒక్కటీ తెలీదు, తెలుసుకోనని పట్టు. అన్నింటికీ తన పేర్లే. ఇంజన్ ముందు భాగంలో తిరిగే గొలుసు వదులైతే "గాజులండీ". రబ్బరు గొట్టం ఊడి గాలి లాగుతుంటే "ఎవరో టీ ఊదుకుంటున్నారు". ఒక సిలిండరు మండకపోతే "నత్తి". ఏదైనా బేరింగు అరిగి ఆగకుండా గొణుగుతుంటే "అత్తగారు". ఆ అసలు అత్తగారు బతికున్న రోజుల్లో అరుగు మీద కూచుని ఆ మాట విని కూడా విననట్టు ఊరుకునేది. చెవుడు ఆ ఇంట్లో వంశపారంపర్యమని నేను చాలాకాలం నమ్మాను.

ఇరవై రెండేళ్ళు అలా గడిచాయి. అక్క తీర్పు తప్పలేదు, బావ స్పానరు తప్పలేదు.

నా స్పానరు జారిన రోజుకి వారం ముందు అక్క గొలుసు వైపు తీర్పిచ్చింది.

"గాజులు," అంది.

"సరిగ్గా విని చెప్పవే. గొలుసంటే ముందు భాగమంతా విప్పాలి," అన్నాడు బావ.

"చెప్పానుగా. గాజులు."

దాంతో మూడు ఆదివారాలు పని. రేడియేటరు దించాం, ఫ్యాను తీశాం, బెల్టు విప్పాం, మూత ఊడదీశాం. నేను లెక్కల మాస్టారిని, నా వల్ల అయ్యే సాయమల్లా స్పానర్లు అందించడం, అప్పుడప్పుడు పారెయ్యడం. మూడో ఆదివారం గొలుసు బయటపడింది. బావ వేలితో నొక్కి చూశాడు. బిగువుగా ఉంది. దాన్ని ఆనించి ఉంచే పట్టీలు కూడా నిన్న పెట్టినట్టున్నాయి.

"బాగానే ఉందిగా బావా?"

బావ గొలుసు వదిలేసి పక్కన విప్పి పెట్టిన బెల్టు కప్పీని ఊరికే చేత్తో తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. నా చెయ్యి లాగి దాని మీద పెట్టాడు. లోపలి బేరింగు ఇసుక నలిగినట్టు వేళ్ళకి గరగర తగిలింది.

"అత్తగారు," అన్నాడు. "గాజులు కాదు, అత్తగారు. మీ అక్క ఇలా పొరబడదురా."

"పోన్లే బావా, ఒక్కసారికి..."

"అది పొరబడదురా," అన్నాడు మళ్ళీ, ఈసారి ఇంటివైపు చూస్తూ. చేతుల గ్రీజు కడుక్కోకుండానే లోపలికి వెళ్ళాడు.

ఇక్కడ నా సంగతొకటి చెప్పుకోవాలి. అంతకు నెల ముందు అక్క నన్ను "మరిదీ, అన్నానికి రా" అని పిలిచింది. నేను దానికి వారం రోజులు నవ్వాను. వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించాను. "అయ్యో, నా నోటికేమైంది!" అంటూ తనూ నవ్వింది. దువ్వెనని గరిటె అన్నప్పుడూ నవ్వాను. చదువుకున్నవాణ్ణి, రెండు కళ్ళూ రెండు చెవులూ సవ్యంగా ఉన్నవాణ్ణి. చెవిటి మనిషికి అందిన సంగతి నాకు అందలేదు.

లోపల బావ గ్రీజు చేత్తో ఒక్కొక్క వస్తువూ ఎత్తి అక్కకి చూపిస్తున్నాడు. గ్లాసు. తువ్వాలు. తాళంచెవి. గ్లాసుకి గ్లాసనే అంది. తువ్వాలు దగ్గర ఆగి, "అదే... అది... తుడుచుకునేది," అంది. తాళంచెవి చూసి ఏమీ అనలేక, "నన్నెందుకండీ ఇలా పరీక్షలు పెడతారు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

స్కానింగులన్నీ అయ్యాక డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మెదడులో మాటలుండే చోటు కొద్దికొద్దిగా ఎండిపోతోంది. మందు లేదు. పోయిన మాట తిరిగి రాదు. వాడుకలో ఉన్న మాటలు మాత్రం కాస్త ఎక్కువ రోజులు నిలవచ్చు. బావ ఎడమ చెవిలో నేను అదంతా అరిచి చెప్పాల్సి వచ్చింది. వరండాలో ఉన్నవాళ్ళంతా విన్నారు. చివరి మాట దగ్గర, "ఏమందీ? మళ్ళీ చెప్పు," అన్నాడు. మళ్ళీ అరిచాను.

కప్పీ మార్చి ఇంజన్ బిగించాం. ఆ తర్వాత కారుకి గ్రహచారం పట్టుకుంది. ఒక ఆదివారం వెళితే రబ్బరు గొట్టం ఊడింది. మరో ఆదివారం ప్లగ్ వైరు ఊడింది. ఇంకో ఆదివారం మళ్ళీ గొట్టం. నేను బజారంతా తిరిగి గట్టి క్లిప్పులు తెచ్చి, వస్తువు నాణ్యత గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. బావ శ్రద్ధగా తలాడించాడు. వినపడి కాదని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఒకరోజు అనుకున్నదానికంటే ముందే వెళ్ళాను. బావ బానెట్టెత్తి నేను తెచ్చిన క్లిప్పునే వదులు చేసి గొట్టం పీకుతున్నాడు. నన్ను చూడలేదు. బానెట్టు దించి, చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికెళ్ళి, అక్కని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. అద్దం దించి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"ఏమే, ఏదో తేడాగా ఉంది. నాకు తెలీటం లేదు. కాస్త విని చెప్పు."

అక్క తల ఒక పక్కకి వంచింది. అచ్చం మునుపటిలాగే. మాట కోసం లోపల ఎక్కడెక్కడో వెతుక్కుంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. చివరికి పెదాలు సున్నాలా చుట్టి "ఉఫ్" అని ఊదింది.

"ఆఁ! ఏం ఊదుతున్నారు?"

మళ్ళీ ఊదింది.

"టీ. టీ కదూ?"

"టీ," అంది అక్క, దొంగని పట్టుకున్నంత సంబరంగా. బావ దిగి గొట్టం తగిలించాడు. ఇంజన్ కుదుటపడింది. అక్క నా వైపు చూసి నవ్వింది. నా పేరు కోసం కాసేపు చూసి, ఊరుకుంది.

గాజులు ఎండాకాలంలోనే పోయాయి. అత్తగారు వానలతో పోయింది. చలి మొదలయ్యేసరికి ఊదడం కూడా మానేసింది. నత్తి ఒక్కటే మిగిలింది. దాన్ని మాత్రం కళ్ళు మూసుకుని, "న...త్తి" అంటుంది, ఇంజన్ తడబడినట్టే తడబడుతూ. అందుకని బావ ఒక సిలిండరు మండకుండా రోజూ ప్లగ్ వైరే పీకుతున్నాడు. ఆవిడ నోట ఆ మాట వచ్చేదాకా, పావుగంటైనా అరగంటైనా, ఇంజన్ని అలాగే కుంటిస్తున్నాడు. మండని పచ్చి పెట్రోలు సైలెన్సరులోకి పోయి అక్కడ మండుతోంది. దానిలోపలి జల్లెడ కరిగి ముద్దై పొగ పోయే దారి మూసేసింది. ఒకప్పుడు ఎవరూ దాటలేని ఆ కారుని మొన్న వంతెన ఎక్కుతుండగా పాలవాడి మోపెడ్ దాటింది. పాలవాడు వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపాడు.

నేనుండబట్టలేక బావ ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "ఇరవై రెండేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న బండి బావా! నీ చేతులతో నువ్వే చంపేస్తున్నావు!"

బావ పీకిన వైరుని గుడ్డతో తుడుస్తూ, "దీనికైతే సామాను దొరుకుతుందిరా," అన్నాడు.